ఆపని స్విచ్చి

ఎలుకల డాక్టరమ్మకి మతి చెదిరిందన్న కబురు మొదట కుట్టుమిషనామె దగ్గర పుట్టింది. ఆమె కళ్ళతో చూసిందేమీ లేదు. పరిశోధనశాలలో బోనులు కడిగే మనిషి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చి చెప్పిందట. ఎలుకలన్నిటినీ పక్కగదికి మార్పించి, డాక్టరమ్మ ఒక్కతే తలుపేసుకుని, కరెంటు పెట్టెకి చెవి ఆనించి కూర్చుంటోందట. స్విచ్చి వేస్తుందట, ఆపుతుందట, మళ్ళీ వేస్తుందట, కళ్ళనీళ్ళు తుడుచుకుంటుందట. కుట్టుమిషనామె దీనికి తన వంతు దారం కలిపి, ఏళ్ళ తరబడి ఎలుకల మధ్య బతికితే మనిషి బుద్ధి మనిషి దగ్గర ఎందుకుంటుందని ముడేసి, ఎదురింటామెకి అందించింది. సాయంత్రానికి కబురుకి కాళ్ళూ చేతులూ వచ్చాయి. డాక్టరమ్మ ఎలుకలతో మాట్లాడుతోందని ఒకరూ, ఎలుకలే డాక్టరమ్మకి చెప్పుకుంటున్నాయని ఇంకొకరూ.

నిజానికి ఆ కబురులో అబద్ధం పెద్దగా లేదు. కళ్ళనీళ్ళ మాట ఒక్కటే అబద్ధం. చంటికి ఇంకా ఏడుపు రాలేదు.

చంటి అన్నది ఇంట్లో పిలుపు. నలభై దాటినా, పాపిట్లో తెలుపు మొదలైనా, అక్కకి ఆమె ఇంకా చంటే. ఆమె పని కరెంటుకీ భయానికీ మధ్య చుట్టరికం వెతకడం. కరెంటు పారే తీగె చుట్టూ కంటికి కనపడని విద్యుదయస్కాంత క్షేత్రం ఉంటుంది. అందులో ఉంచిన జంతువు బెదురుతుందా, బెదరదా అన్నది ప్రశ్న. దానికోసం ఆమె రెండు గుంపుల ఎలుకల్ని పెట్టుకుంది. ఒక గుంపు బోను చుట్టూ ఉన్న తీగెచుట్టలో కరెంటు నడిపేది. రెండో గుంపు వంతు వచ్చినప్పుడు నడిపేది కాదు. ఆ తర్వాత ఒక్కో ఎలుకనీ కూడలిలాంటి ఎత్తు బల్ల మీద వదిలేది. ఆ బల్లకి నాలుగు దారులు. రెండింటికి గోడలుంటాయి, రెండు బోసిగా ఉంటాయి. గుండె నిబ్బరం ఉన్న ఎలుక బోసి దారి చివరిదాకా వెళ్ళి కిందికి తొంగిచూస్తుంది. భయపడ్డది గోడ పట్టుకుని కూర్చుంటుంది. క్షేత్రంలో ఉండొచ్చిన గుంపు గోడ పట్టుకుని కూర్చుంది. ఆ కూర్చోవడమే చంటికి పేరు తెచ్చింది.

ఆ పేరుతోనే ఆమె కిందటేడు అక్కగారి ఊరి సభాహాల్లో నిలబడి, హైటెన్షన్ తీగెల పక్కన ఆవులెందుకు బెదిరిపోతున్నాయో అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. ఆ చెప్పడంతో ఒక ఇల్లు రెండయింది.

పోయిన వారం గబ్బిలాలాయన వచ్చాడు. ఆయనదీ అదే పరిశోధనశాల, పక్క వరండా. గబ్బిలాల అరుపులు మనిషి చెవికందవు గనక, వాటిని అందేంత కిందికి దించి వినిపించే అరచేతి పెట్టె ఒకటి ఆయన మెడలో ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. స్టూలు అడుక్కోవడానికని చంటి గదిలోకి అడుగుపెట్టాడో లేదో, ఆ పెట్టె కీచుమంది. "మీ గదిలో గబ్బిలాలున్నాయా ఏంటండీ" అని నవ్వి, స్టూలు తీసుకుని వెళ్ళిపోయాడు. చంటి నవ్వలేదు.

తీగెచుట్టకి కరెంటు అందించే పెట్టె నడుస్తున్నంతసేపూ మనిషికి వినపడని సన్నటి ఈలేస్తోంది. మనకి వినపడదు గానీ ఎలుకకి వినపడుతుంది. రెండో గుంపు వంతు వచ్చినప్పుడు చెయ్యాల్సింది పెట్టెని అలాగే నడవనిచ్చి తీగెచుట్టని మాత్రం విడదీయడం. చంటి చేసింది గోడ దగ్గర స్విచ్చి కట్టెయ్యడం. అది చదువు నేర్పిన పని కాదు, నాన్న నేర్పిన పని. ఖాళీ గదిలో దీపం వెలిగితే ఆయనకి ఒంటి మీద తేలు పాకినట్టుండేది. స్విచ్చి మరిచి వచ్చిన పిల్లని కంచం ముందునుంచి లేపి వెనక్కి పంపేవాడు. ఆ ఇంట్లో పెరిగిన చెయ్యి, గుమ్మం దాటే ముందు తనంతట తాను గోడ మీదికి పోతుంది. పరిశోధనశాలలోనూ పోయింది. అక్కర్లేనప్పుడు కరెంటు ఎందుకు దండగ అనుకుంది తప్ప, ఆ నొక్కుతో ఒక గుంపుని ఈలలోనూ ఇంకో గుంపుని నిశ్శబ్దంలోనూ పెడుతున్నానని ఆమెకి తోచలేదు. ఎలుకల్ని బెదరగొట్టింది క్షేత్రమా, ఈలా? ఇప్పుడిక ఆ ఎలుకల్నడిగి లాభం లేదు.

ఈ సంగతి పెద్దసారుతో చెప్పింది. పరిశోధనశాలంతా ఆయన చెప్పుచేతల్లో ఉంటుంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, వచ్చే వారం సభ అయ్యేదాకా నోరు మెదపొద్దన్నాడు. అదే ఊరు, అదే హాలు. తీగెల కంపెనీవాళ్ళూ, పశువులున్నవాళ్ళూ, పై ఆఫీసరూ వస్తారు. ప్రధాన ఉపన్యాసం చంటిది. సభ అయ్యాక తీరిగ్గా మళ్ళీ ప్రయోగం చేసుకుందాం, ఎలుకలు ఎక్కడికి పోతాయమ్మా అన్నాడు.

ఎలుకలు పోవు. అక్క మరిది, చిన్నబావ పోతున్నాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నాడనీ, శనివారానికి లారీ మాట్లాడాడనీ అక్క ఫోనులో చెప్పింది. అందుకే శనివారం పొద్దున్నే చంటి గబ్బిలాలాయన పెట్టె అడిగి తీసుకుని, సంచిలో వేసుకుని, బస్సెక్కింది.

ఒకప్పుడు ఆ ఇంటికి ఒకటే వాకిలి. అన్నదమ్ములు చెరోవైపూ ఉన్నా, మంచాలు మధ్యలో పడేవి. వెనక పశువుల కొట్టం ఇద్దరిదీ. ఇప్పుడు వాకిలి నడిమధ్యలో పూత లేని సిమెంటు ఇటుకల గోడ. కోపంలో కట్టిన గోడకి పూత పూసే ఓపిక ఎవరికుంటుంది? ఛాతీ ఎత్తు దాకా లేచాక ఇటుకలయిపోయాయో, కోపమే అయిపోయిందో, అక్కడితో ఆగింది. గోడకి అటుపక్క లారీ ఆగి ఉంది. మంచం కోళ్ళు, చుట్టిన పరుపులు, తలకిందులుగా పెట్టిన కుర్చీలు పైకి కనపడుతున్నాయి. చంటి తలొంచుకుని ఇటుపక్క గుమ్మంలోకి దూరింది.

అక్క వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏమే, నీకు మతి పోయిందటగా" అంది తలెత్తకుండా.

"కుట్టుమిషనామె మాట ఇక్కడిదాకా వచ్చిందా?"

"నీకంటే ముందు బస్సెక్కింది. కూర్చో. తిన్నావా?"

తిన్నానంది చంటి. తినలేదని అక్కకి తెలుసు. ప్లేటు ముందుకు తోసింది. పెద్దబావ ఇంట్లో లేడు. ఆవుల్ని అమ్మేసిన దగ్గర్నుంచీ ఆయన దాణా కొట్లో తూకం దగ్గర ఉంటున్నాడు. పొద్దున్నే వెళ్ళి ఎవరెవరి పశువులకో తవుడూ చెక్కా తూచిపోసి, ఎండెక్కేవేళకి తల నిండా పొట్టుతో వస్తాడు. తలంటుకోమంటే అంటుకోడు. ఆ వాసన ఒంటి మీద ఉండనీ అంటాడట. అక్క ఈ మాట నవ్వుతూనే చెప్పింది గానీ, ఉల్లిపాయ మీద కత్తి కాస్త గట్టిగానే పడింది.

చంటి మొదట నాన్న స్విచ్చి కథ చెప్పింది. చెప్పడానికి అదొక్కటే తేలిక దారి. పెట్టె ఈల, రెండో గుంపు, గోడ మీదికి తనంతట తాను పోయిన చెయ్యి. అక్క విని పగలబడి నవ్వింది. నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో అంది. కూతురు డాక్టరయింది గానీ కరెంటు మాత్రం దండగ చెయ్యలేదని వీధంతా చెప్పుకునేవాడంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కత్తి ఆగింది.

"అయితే మన ఆవులో?"

"అదే తెలీదక్కా."

"తెలీకపోవడమేంటి? నువ్వేగా చెప్పావు."

"నా ఎలుకలు చెప్పిందే చెల్లకుండా పోయింది. దాన్ని పట్టుకుని ఆవుల గురించి నేను చెప్పిందీ చెల్లదు. ఆ తీగెల్లో ఏమీ లేదని కూడా అనలేను. ఉండొచ్చు. కానీ ఉందని చెప్పే హక్కు ఆ రోజు నాకు లేదు."

అక్క కత్తి పక్కన పెట్టింది. లేచి చేతులు కడుక్కుంది. కడిగిన చేతులే మళ్ళీ కడుక్కుంది. అటుపక్కనుంచి ఎవరో ఇనప్పెట్టె ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. ఆ ఇనప్పెట్టె ఎవరిదో, దాని మూత ఎక్కడ సొట్టపోయిందో అక్కకి తెలుసు. తోడికోడలూ తానూ కలిసి దాని మీద కూర్చుని ఎన్ని మధ్యాహ్నాలు కబుర్లాడుకున్నారో. ఇప్పుడది వెళ్ళిపోతున్నా చూడ్డానికి వీల్లేదు.

"మీ బావతో అనకు" అంది చివరికి. ఆవుల్ని అమ్మింది తన కోసం కాదు, వాటి కోసమే అనుకుంటూ ఆయన కాలం గడుపుతున్నాడంది. ఆ అనుకోవడమే లేకపోతే పొద్దున్నే లేచి పనికి పోయే మనిషి కాదు. పోయేవాళ్ళు ఎలాగూ పోతున్నారు. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు. నువ్వు కూడా మర్చిపో అంది.

"చిన్నబావ ఏ పేరు మోసుకుని పోతున్నాడో నీకు తెలీదా?"

అక్కకి తెలుసు. తన చేలో స్తంభానికి చోటిచ్చి, నోరులేని జీవాల ఉసురు పోసుకున్నవాడని ఊరు పెట్టిన పేరు. ఎవరూ ఎదురుగా అనలేదు. కొట్లో నిలబడితే పక్కకి జరిగేవాళ్ళు. పిల్లల్ని ఆటలోకి రానిచ్చేవాళ్ళు కాదు. కిందటేడు హాల్లో చంటి చెప్పడం పూర్తయ్యాక, అందరూ తలలు తిప్పి వెనక వరసలో నిలబడ్డ అతన్ని చూశారు. అతను చూసింది చంటిని. "ఆవులకి నేను చెడు కోరతానా, మరదలా?" అని ఒక్క మాటే అడిగాడు. అంతకు ముందు ఎప్పుడు కనపడ్డా, ఎలుకల డాక్టరమ్మొచ్చింది, మా పిల్లిని లోపల కట్టెయ్యండని ఆట పట్టించే మనిషి. ఆ రోజు చంటి అతని మొహం చూడలేదు. తర్వాతి బొమ్మ చూపించడానికి గోడవైపు తిరిగింది.

ఇప్పుడు ఆ తిరగడమే ఆమెని తినేస్తోంది. చెప్పింది తప్పయితే అయింది, తెలియక చెప్పింది. మొహం తిప్పుకోవడం మాత్రం తెలిసే చేసింది.

సంచి తీసుకుని పెరట్లోకి నడిచింది. అక్క వెంట వచ్చింది గానీ కొట్టం దగ్గరే ఆగిపోయింది.

చంటి మనసులో ఒక ఆశ ఉంది. సిగ్గుపడవలసిన ఆశ. ఆ తీగెలు కూడా ఈలేస్తూ ఉండాలని. క్షేత్రం కాకపోతే చప్పుడైనా అక్కణ్ణుంచే రావాలని. అప్పుడు తాను చెప్పింది సగమైనా నిలుస్తుంది. కారణం చెప్పడంలో పొరపాటు పడ్డా, వేలు చూపించింది సరైన వైపే అవుతుంది. పెట్టె మీట నొక్కి, చేతిని పైకెత్తి, పొలం మీదుగా పోతున్న తీగెలవైపు చూపింది. ఎండ కళ్ళలో పడుతోంది. పెట్టెలోంచి వచ్చింది సన్నటి గరగర, ఎండుటాకుల మీద చీమల బారు పోతున్నంత. ఇంకాస్త ముందుకి, కంచెదాకా వెళ్ళింది. అంతే. చేతిని అటూ ఇటూ తిప్పింది. అంతే.

ఆ కంచె పక్కనే కిందటేడు ఆవులు మేస్తుంటే తాను చూసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తీగెల కింద, తోకలు ఊపుకుంటూ, నింపాదిగా. కొట్టంలోకి రమ్మంటేనే మొండికేసేవి. ప్రభావం ఆలస్యంగా కనపడుతుందిలే అని ఆ రోజు తనకి తానే సర్దిచెప్పుకుంది. కళ్ళెదుట ఉన్న ఆవుల కంటే గదిలో ఉన్న ఎలుకల్నే నమ్మింది.

ఎండకి తాళలేక కొట్టం నీడలోకి వచ్చింది. మీట ఆపడం మర్చిపోయింది. గడప మీద కాలు పెట్టేసరికి చేతిలో పెట్టె కీచుమని అరిచింది.

అక్క ఉలిక్కిపడింది. "ఏంటే అది?"

చంటి చుట్టూ చూసింది. ఖాళీ కొట్టం. ఆరిపోయిన గాడి, మేకులకి అలాగే వేలాడుతున్న పలుపుతాళ్ళు, మూల చీపురు. చేతిలోని పెట్టె ఆ మౌనాన్నంతా చీల్చేస్తోంది. ఎడమకి తిప్పితే తగ్గింది, కుడికి తిప్పితే పెరిగింది. కుడివైపున దాణా గది. తలుపు ఎప్పుడో ఊడిపోయి ఉత్త గుమ్మమే ఉంది. లోపల ఖాళీ గోనెలు. వాటి వెనక గోడకి తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళలాంటిదొకటి ప్లగ్గుకి దూర్చి ఉంది. దానికో చిన్న ఆకుపచ్చ దీపం. వెలుగుతోంది.

దాన్ని గుర్తుపట్టడానికి చంటికి క్షణం పట్టలేదు. తెచ్చింది తనే.

కొత్త తీగెల్లోకి కరెంటు వదిలిన వారం అది. ఆ వదలడం చూద్దామనే ఆమె అప్పుడు ఊరికి వచ్చింది. అంతకుముందే అక్క ఫోనులో వాపోయింది, దాణా గదిలో ఎలుకలు గోనెలు కొట్టేస్తున్నాయని, మందు పెట్టమంటావా అని. రోజంతా ఎలుకల మధ్య ఉండే చంటికి, వాటికి విషం పెట్టమనడానికి నోరు రాలేదు. ఊళ్ళోకి వచ్చేముందు కొట్లో ఆగి ఈ బిళ్ళ కొంది. మనిషికి వినపడని చప్పుడు చేసి ఎలుకల్ని తరుముతుంది. చంపదు, కొరకదు, వాసన లేదు. తానే గోడకి తగిలించి, దీపం వెలగడం చూపించి, అక్కతో గట్టిగా చెప్పింది.

అక్క కూడా అదే గుర్తు తెచ్చుకున్నట్టుంది. నెమ్మదిగా అంది. "ఎప్పుడూ ఆపొద్దన్నావు. నాన్న లెక్కన ఆపబోయి, నువ్వు చెప్పావు కదాని ఆపలేదు. ఆవులు పోయాక కూడా ఆపలేదే. ఇల్లంతా స్విచ్చులు కట్టేసి పడుకుంటాను, ఇదొక్కటి తప్ప."

చంటి వంగి ప్లగ్గు పీకింది. చేతిలో పెట్టె టక్కున ఊరుకుంది. గాడి మీద వాలిన ఈగ రెక్కల చప్పుడు వినపడేంత నిశ్శబ్దం వచ్చింది. మళ్ళీ దూర్చింది. అరిచింది. మళ్ళీ పీకింది. కుట్టుమిషనామె చూసుంటే తన మాట రుజువైందనేది.

ఎలుకకి మనకంటే పైస్థాయి చప్పుళ్ళు వినపడతాయని చంటికి తెలుసు. ఆవుకి కూడా మనకంటే ఎక్కువే వినపడుతుందని ఎక్కడో చదివింది, పరీక్షలో రాసింది కూడా. తెలిసిన రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూసుకునే తీరిక ఆమెకి దొరకలేదు. చదువుకున్నదంతా హాల్లో చెప్పడానికే సరిపోయింది.

"ఏంటది, గోల?"

పెద్దబావ. ఎప్పుడొచ్చాడో, కొట్టం గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. జుట్టులో పొట్టు. ఆవుల్ని అమ్మాక ఆయన ఆ గడప లోపలికి రావడం మానేశాడు. అక్క చంటి చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ నొక్కడంలో బతిమాలడం ఉంది. చంటి ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి, మెల్లిగా విడిపించుకుంది.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. హాల్లో చెప్పినట్టు చెప్పలేకపోయింది. మాటలు ముందూ వెనకా అయ్యాయి. ఎలుకల సంగతి చెప్పింది, ఈల సంగతి చెప్పింది, నాన్న స్విచ్చి సంగతి మళ్ళీ చెప్పింది. బిళ్ళని ప్లగ్గులో పెట్టి, గబ్బిలాలాయన పెట్టెతో వినిపించింది. ఆ అరుపు వింటున్నప్పుడు పెద్దబావ మొహం చూడలేకపోయినా, ఈసారి మాత్రం కళ్ళు తిప్పుకోకుండా చూసింది.

"ఇదే అని నూటికి నూరుపాళ్ళూ చెప్పలేను బావా. ఇదే అయ్యుంటుందనిపిస్తోంది. తీగెల కింద బెదరని ఆవులు ఇక్కడ బెదిరాయి. ఇక్కడున్నది ఇదే. తెచ్చింది నేను."

ఆయన చాలాసేపు ఆ ఆకుపచ్చ దీపాన్నే చూశాడు. తర్వాత గడప దాటి లోపలికి వచ్చాడు. గాడి పక్కన నేలలో ఒకచోట డెక్కల రాపిడికి గుంట పడి ఉంది. దాని ముందు గొంతుక్కూర్చుని, అరచెయ్యి అందులో పెట్టాడు.

"మొండిది ఇక్కడుండేది" అన్నాడు.

మొండిది ఆయన ఆవుల్లో పెద్దది. పేరే గానీ మొండితనం దానికి చిన్నప్పుడే పోయింది. ఆయన అలికిడి వింటేనే చేపేది, పొదుగు మీద చెయ్యి పడకముందే పాలు దిగేవి. తీగెల్లోకి కరెంటు వదిలిన నెలలో ఒక్కసారిగా చేపడం మానేసింది. పాలచెంబుని తన్నేసింది. కొట్టంలోకి తోలితే గడప దగ్గర నాలుగు కాళ్ళూ నేలకి దిగ్గొట్టుకుని నిలబడేది, కళ్ళు పెద్దవి చేసుకుని.

"ఒకరోజు కర్రతో కొట్టాను" అన్నాడు పెద్దబావ, నేలకేసి చెప్తున్నట్టు. "ఎప్పుడూ కొట్టలేదు దాన్ని. ఆ రోజు కొట్టి లోపలికి తోశాను. లోపల ఏదో ఉంది, నేను రాను అని అది చెప్తోంది. నేనేమో కొట్టి లోపలికి తోశాను."

అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చంటికి అప్పుడొచ్చింది ఏడుపు. కుట్టుమిషనామె కబురులో ఉన్న ఒక్క అబద్ధమూ నిజమైపోయింది. ఏదో అనబోతే పెద్దబావ చెయ్యెత్తి వారించాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నాకు చెప్పడం అయింది కదా. వాడు గోడకి అటున్నాడు. వాడికి కూడా చెప్పు."

అక్క మళ్ళీ అడ్డొచ్చింది, ఇప్పుడా, లారీ కదలబోతుంటేనా అని. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని పెద్దబావ అనలేదు. లేచి, గుంటలో పెట్టిన అరచేతిని తుడుచుకోకుండానే ముందు నడిచాడు. తమ్ముడు ఇల్లు వదిలిపోతున్నా ఆ గోడ దగ్గరికి వెళ్ళని మనిషి, వెళ్ళి దాని పక్కన నిలబడ్డాడు. అక్కడిదాకా వచ్చి, ఎలా పిలవాలో తెలీక, దగ్గాడు.

అటుపక్క చిన్నబావ లారీ వెనక నిలబడి సామాను మీంచి తాడు వేసి బిగిస్తున్నాడు. ఆ దగ్గు ఎవరిదో అతనికి తెలియకుండా ఉండదు. చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తాడు లాగాయి. అతని భార్య ఇంట్లోంచి కుండీలో మొక్క పట్టుకుని వచ్చి, గోడమీంచి కనపడుతున్న మూడు తలల్నీ చూసి, వాకిట్లోనే నిలబడిపోయింది. తోడికోడళ్ళిద్దరి చూపులూ కలుసుకుని, రెండూ ఒకేసారి కిందికి వాలాయి.

"బావా" అంది చంటి.

అతను తిరగలేదు.

చంటి గోడ మీద చేతులు పెట్టింది. పూత లేని ఇటుక అరచేతుల్లో గరుకుగా గుచ్చుకుంది. అతని వీపుకే చెప్పింది. ఆ రోజు హాల్లో తాను చెప్పింది నిలవదని. తన ప్రయోగమే తప్పుగా చేశానని. ఆవుల్ని బెదరగొట్టింది అతని చేలో నిలబడ్డ స్తంభం కాకపోవచ్చని, తాను తెచ్చి కొట్టంలో తగిలించిన ఎలుకల బిళ్ళ అయ్యుండొచ్చని. అతను ఏ చెడూ చెయ్యలేదని. ఆ రోజు అతనడిగిన మాటకి తాను మొహం తిప్పుకున్నానని. చివరి మాటలు గోడ దాటాయో లేదో కూడా ఆమెకి తెలీలేదు. తప్పయిందన్న మాట మాత్రం దాటినట్టుంది. మొక్క పట్టుకున్న మనిషి చేతుల్లో కుండీ కాస్త కదిలింది.

చిన్నబావ ముడి వెయ్యడం పూర్తిచేశాడు. వేసిన ముడిని రెండుసార్లు గుంజి చూసుకున్నాడు. అప్పుడు తిరిగాడు. మొహంలో కసి లేదు, సంతోషమూ లేదు. ఏడాదిగా ఒకే బరువు మోసి మోసి, దించమంటే ఎలా దించాలో మరిచిపోయిన మనిషిలా ఉన్నాడు. అన్నవైపు చూడలేదు. వదినవైపు చూడలేదు. చంటినే చూశాడు, కిందటేడు హాలు వెనక వరసలోంచి చూసినట్టే.

"ఆ రోజు ఊరందరి ముందూ మైకులో చెప్పావు" అన్నాడు. "ఇవాళ గోడ మీంచి చెప్తున్నావేం?"

గోడకి ఇటుపక్క ముగ్గురున్నారు. వచ్చే వారం అదే హాల్లో మైకు ముందు నిలబడాల్సింది వాళ్ళలో ఒక్కరే.